పిన్ని రొయ్యల చెరువూ, నా వెబ్‌సైటు చెప్పిన నలభై రెండూ

ఈ ప్రయాణం సరదాకి పెట్టుకున్నదేనండి. నేను హైదరాబాదులో వెబ్ డెవలపర్ని. వారమంతా కంపెనీ కోసం బటన్లని అటునుంచి ఇటూ ఇటునుంచి అటూ జరుపుతాను, శనాదివారాలు నా సంతోషం కోసం ఏదో ఒకటి కెలుకుతూ కూర్చుంటాను. మోజుపడి కొన్న డొమైన్ పేర్లు బోలెడు, వాటిలో బతికి బట్టకట్టిన సైట్లు రెండో మూడో. మా అమ్మ వీటన్నిటికీ కలిపి ఉబుసుపోని పనులని పేరు పెట్టింది. అలాంటి ఉబుసుపోని పని ఒకటి మొదటిసారి ఒక మనిషికి నిజంగా అక్కరకొచ్చింది. ఆ మనిషి మా పిన్ని, చోటు భీమవరం దగ్గర ఒక రొయ్యల చెరువు గట్టు. నా సైటు చెప్పిన అంకెని నమ్మి ఆదివారం తెల్లారేసరికి చెరువు పట్టేస్తున్నారని, అంటే రొయ్యలన్నీ వలలేసి తీసి అమ్మేస్తున్నారని తెలిసి, ఆ వైభోగం కళ్ళారా చూద్దామని శుక్రవారం రాత్రి సికింద్రాబాదులో రైలెక్కాను.

పిన్ని సంగతి కాస్త చెప్పాలి. మా అమ్మకి చెల్లెలు. ఆవిడా బాబాయీ కలిసి రెండెకరాల చెరువులో రొయ్యలు పెంచుతారు. మేత వెయ్యడం, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు చూసుకోవడం, పనివాళ్ళకి టీలు పొయ్యడం పిన్ని వంతు. రొయ్య ఎంత ఎదిగిందో, ఎప్పుడు పట్టాలో తేల్చడం బాబాయి వంతు. దోసిట్లోకి నాలుగు రొయ్యలు తీసుకుని చూసి చెప్పేస్తాడాయన. ఈ పంట సగంలో ఉండగా గట్టుమీద కాలుజారి పడి తొడ ఎముక విరిగింది. రాజమహేంద్రవరంలో ఆపరేషను చేసి రాడ్డు వేశారు. ఫిజియోథెరపీ కోసం అక్కడే మా చెల్లి రమ్య ఇంట్లో ఉండిపోయాడు. చూసి చెప్పే కళ్ళు మంచం మీద ఉంటే, చెరువు ఎనభై కిలోమీటర్ల అవతల ఉంది. పిన్ని ఒక్కతే పంట మొయ్యాల్సొచ్చింది.

తెలియనివాళ్ళ కోసం: రొయ్యల లెక్క ‘కౌంటు’లో చెప్తారు. కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటు. వంద కౌంటంటే చిన్నవి, నలభై కౌంటంటే పెద్దవి. ధర ఆ అంకెని బట్టే ఉంటుంది. ఎదగకుండానే పట్టేస్తే నాలుగు నెలల కష్టం సగానికి అమ్ముకున్నట్టే. పోనీ ఇంకా ఎదుగుతాయిలే అని ఉంచేస్తే, ఏ తెల్లమచ్చ జబ్బో తగిలి రెండు రోజుల్లో చెరువంతా తుడిచిపెట్టుకుపోవచ్చు. అందుకే అక్కడివాళ్ళకి ఆ ఒక్క అంకె మీద అంత గురి.

బాబాయి మంచం మీద పడుకుని కౌంటు తెలియడం లేదని గిలగిల్లాడిపోతుంటే నాకో ఆలోచనొచ్చింది. ఫోటోలో ఉన్న వస్తువుల్ని బ్రౌజరులోనే లెక్కపెట్టే చిన్న లైబ్రరీ ఒకటి అప్పుడే నా కంటపడింది. ఉచితం, బుల్లి సైజు, పాత ఫోన్లలో కూడా నడుస్తుంది. అసలు దాన్ని చూసి నేను మురిసిపోయింది మా ఇంట్లో గిన్నెడు వేరుశనగ గింజలు లెక్కపెట్టించినప్పుడు. గింజలకి పనికొచ్చింది రొయ్యలకి ఎందుకు పనికిరాదనుకున్నాను. చెరువు దగ్గర సిగ్నలు ఉండదు కాబట్టి, ఒకసారి తెరిచాక నెట్ లేకపోయినా పనిచేసేలా సైటు కట్టాను. తెల్ల పళ్ళెంలో రొయ్యలు పరిచి, తూకం వేసి, ఆ తూకం టైపు చేసి ఫోటో తీస్తే చాలు, కౌంటు వచ్చేస్తుంది. ఫోటో ఫోన్లోనే ఉండిపోతుంది. ఇంటికెళ్ళి సిగ్నలు తగిలాక అంకె ఒక్కటీ బాబాయికీ నాకూ మెసేజిగా వస్తుంది. డేటా ఖర్చు కాకూడదని అలా చేసి, నన్ను నేనే మెచ్చుకున్నాను.

మొదట్లో ఒక చిక్కొచ్చింది. బతికున్న రొయ్య పళ్ళెంలో ఊరుకుంటుందా? ఎగిరెగిరి పడేది, ఫోటో అలుక్కుపోయేది. పిన్ని ఒక్క ఫోటో కోసం పది తీసేది. అప్పుడు నేనే సలహా ఇచ్చాను, ఐసునీళ్ళలో ఒకసారి ముంచి తీస్తే కదలవని. అప్పణ్ణించీ ఫోటోలు చక్కగా కుదిరాయిట. కౌంటు కూడా చకచకా మెరుగుపడింది. అరవై నాలుగు ఉన్నది యాభై అయ్యింది, ఆ తర్వాత నలభై రెండు. బాబాయి రొయ్యలు కొనే ఏజెంటుకి ఫోన్ చేసి ఆదివారానికి పట్టుబడి ఖాయం చేసేశాడు. నేను ఆఫీసులో పక్క సీటువాళ్ళకి కాఫీలు ఇప్పించాను.

రైలు తాడేపల్లిగూడెం దాటుతుండగా మెలకువొచ్చింది. కిటికీ బయట ఇంకా మసకమసగ్గానే ఉంది. ఊరికే కూర్చోలేని జబ్బు కదా నాది, లాప్‌టాప్ తీసి, పిన్ని పంపిన అంకెలన్నీ ఒక గ్రాఫుగా గీశాను. పట్టుబడి రోజున బాబాయికి చూపించి మార్కులు కొట్టేద్దామని. గీత కొన్ని వారాల పాటు మెట్లు దిగినట్టు నెమ్మదిగా దిగుతూ వచ్చి, ఒకచోట గోడ మీంచి దూకినట్టు పడిపోయింది. నా గుండె కూడా దాంతోపాటే పడింది. పది రోజుల్లో రొయ్య ఒకటిన్నర రెట్లు లావెక్కుతుందా? ఐసులో ముంచినవి కదలకుండా ఒకదానిమీద ఒకటి పడుకుంటే, ఆ రెంటినీ నా సైటు ఒకటిగా లెక్కేస్తోందేమో. పళ్ళెంలో తక్కువున్నాయని తేలితే ఒక్కోటీ పెద్దదని లెక్క తేలుతుంది. అంటే నలభై రెండు అబద్ధమా? పిన్నికి ఫోన్ చేస్తే కలవలేదు. తెల్లారకముందే చెరువు దగ్గరికి వెళ్ళిపోతుంది, అక్కడ సిగ్నలు ఉండదు. కొవ్వూరు దాటి బ్రిడ్జి ఎక్కగానే అందరూ గోదారి చూడ్డానికి కిటికీలకి అతుక్కుపోయారు. నేను తల ఎత్తలేదు.

రాజమహేంద్రవరంలో దిగేసరికి ఆరు కావస్తోంది. స్టేషను నుంచి దానవాయిపేటకి ఆటోకి వంద లోపే అయ్యింది. బేరమాడే ఓపిక కూడా లేకపోయింది నాకు. (భీమవరానికే సూటిగా వెళ్ళాలనుకునేవాళ్ళకి హైదరాబాదు నుంచి వేరే రైళ్ళున్నాయి, రాజమండ్రి దాకా రానక్కర్లేదు. నేను బాబాయిని చూడాలని ఇటొచ్చాను.) రమ్య తలుపు తీసి కాఫీ చేతికిచ్చింది. బాబాయి అప్పటికే లేచి, కాలు దిండు మీద పెట్టుకుని, స్నానం చేసి నీటుగా కూర్చున్నాడు. పట్టుబడికి ఇంకో రోజు ఉంది, అయినా పెళ్ళివారి ముఖం పెట్టుకున్నాడు. చెప్పక తప్పదని గ్రాఫు చూపించి, నా అనుమానం చెప్పేశాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన ఆ గీత పడిపోయిన చోట వేలు పెట్టాడు.

“నాకూ అనుమానం కొట్టిందమ్మా,” అన్నాడు. “వారానికి రెండు గ్రాములు పెరిగితే గొప్ప. మీ పిన్ని ఏం తినిపిస్తోందా అనుకున్నాను. కంప్యూటర్ చెప్పింది కదా అని ఊరుకున్నా.”

“మీరైనా ఒక్క మాట అడగొచ్చు కదండీ బాబాయ్,” అన్నాను ఏడుపు గొంతుతో.

“నువ్వు చదువుకున్నదానివి, తప్పెందుకు చేస్తావనుకున్నాను.”

ఇంతకంటే చెంపదెబ్బ కొట్టినా బాగుండేది. పట్టుబడి ఆపేయమనండి అన్నాను. అలా గుడ్డిగా ఆపడానికి లేదన్నాడు. పక్క ఊరి చెరువుల్లో తెల్లమచ్చ తగిలిందని వింటున్నారట. నిజంగా నలభై రెండే అయితే ఒక్క రోజు కూడా ఉంచకూడదు, కాకపోతే ముట్టుకోకూడదు. ఏది నిజమో చెరువు దగ్గర వల వేసి చూస్తే తప్ప తెలియదు. సాయంత్రం ఐదు లోపు కబురు చేస్తే ఏజెంటుని ఆపగలనన్నాడు. ఐదు దాటితే ఐసు లోడెత్తేస్తారు, వలలవాళ్ళు బయల్దేరిపోతారు, ఇక మన చేతుల్లో ఉండదు. రమ్య వేసిన పెసరట్టు రెండు ముక్కలు తిని బస్టాండుకి పరిగెత్తాను.

భీమవరం బస్సు ఎనిమిది దాటాక దొరికింది. టికెట్టు నూటయాభై లోపే, ప్రయాణం ఆగుతూ సాగుతూ మూడు గంటలు వేసుకోండి. ఊరు దాటగానే కడియపులంక నర్సరీలు, రోడ్డుకి రెండు పక్కలా కుండీలే కుండీలు. జొన్నాడ దగ్గర ఒక పాయ దాటితే రావులపాలెం, అది దాటి సిద్ధాంతం దగ్గర ఇంకో పాయ. మామూలు రోజైతే ఈ దారి నాకు ప్రాణం, ఎడమవైపు కిటికీ కోసం దెబ్బలాడతాను. ఆ రోజు ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, కుదుపులకి తల కిటికీకి కొట్టుకుంటూ, నా వేరుశనగల పాత ఫోటోలన్నిటినీ మళ్ళీ సైటు చేత లెక్కపెట్టించాను. ఆనుకున్న గింజల్ని శుభ్రంగా వేరు చేసి చెప్తోంది. కోడులో తప్పు దొరికితే ఒక బాధ, దొరక్కపోతే ఇంకో బాధ. తప్పు ఎక్కడుందో తెలియకుండా ఉన్నంత యాతన మా వృత్తిలో ఇంకోటి లేదు.

రావులపాలెంలో బస్సు పది నిమిషాలు ఆగింది. అరటి మార్కెట్టు ఊరు కదా, కిందకి దిగితే గెలలు తప్ప ఇంకేమీ కనపడవు. ఉత్త చేతుల్తో వెళ్తే పిన్ని ఏమీ అనదు గానీ నాకే బాగోదు. బండి దగ్గరున్నావిడ నన్ను చూస్తూనే, ఇంట్లో తినడానికా, ఎవరికైనా పట్టుకెళ్ళడానికా అనడిగింది. పట్టుకెళ్ళడానికేనండి అన్నాను. వెంటనే ముందున్న పళ్ళ అత్తాలు పక్కకి జరిపి, వెనకనుంచి ఒక అమృతపాణి అత్తం తీసింది. పసుపు పూసినట్టుంది, మచ్చన్నది లేదు. నేను ఇంకా చాదస్తంగా చివర కాస్త నలిగిన పండొకటి ఉంటే తీయించేశాను. అంత కంగారులోనూ అది మాత్రం చూసుకున్నాను.

భీమవరంలో దిగేసరికి పదకొండు దాటింది. ఊరి బయట పల్లెలకి షేరు ఆటోలు దొరుకుతాయి, తొందరగా వెళ్ళాలనుకుంటే మొత్తం ఆటో మాట్లాడుకోవాలి. నేను మాట్లాడుకున్నాను. ఆటో ఆయన నా మొహం చూసి ఎవరికైనా ఒంట్లో బాలేదా అనడిగాడు. కాదండి, రేపు మా పిన్నిగారి చెరువు పట్టుబడి అన్నాను. “కౌంటెంతండి?” అన్నాడు వెంటనే. ఇక్కడ బాగున్నారా తర్వాత అడిగే ప్రశ్న అదే. అదే తేలడం లేదండి అన్నాను. ఎందుకో ఆటో కొంచెం వేగంగా నడిపాడనిపించింది.

చెరువు గేటు దగ్గర ఊదారంగు మందునీళ్ళ టబ్బులో కాళ్ళు ముంచి లోపలికెళ్ళాలి, జబ్బులు మోసుకురాకుండా. పైన పిట్టలు వాలకుండా కట్టిన దారాలు, నీళ్ళ మధ్య నురగలు చిమ్ముతూ తిరిగే ఏరియేటర్లు, గట్టు చివర రేకుల షెడ్డు. పిన్ని షెడ్డులోంచి వచ్చి ముందు నా గడ్డం పట్టుకుని, చిక్కిపోయావే అంది. ఏమైనా తిన్నావా అంది. అరటిపళ్ళు చూసి ఎంత బాగున్నాయో అని మురిసిపోయింది. నేను ఒక్క గుక్కలో అంతా చెప్పి, వెంటనే వల వేయించమన్నాను. ఆవిడ ఆకాశం వంక చూసింది.

“ఈ ఎండలో వల వేస్తే రొయ్య తట్టుకోదే. నాలుగవనీ, వేయిద్దాం. ముందు అన్నం తిందువుగాని రా.”

ఐదు గంటల గడువు సంగతి చెప్పాను. నాలుగుకీ ఐదుకీ మధ్య గంటుంది కదా అంది. గోదారి జిల్లా మనుషులతో వాదించి గెలవడం ఎవరి తరమూ కాదు, అందులోనూ భోజనాల వేళ. అక్కణ్ణించి ఐదు నిమిషాల దూరంలో ఇల్లు. చింతచిగురు వేసి రొయ్యల కూర వండింది. నిన్న ఫోటో తీసిన రొయ్యలేనట. ఐసులో ముంచినవి మళ్ళీ బతకవు కాబట్టి ఫోటో తీసినప్పుడల్లా కూర అవే. కంచంలో చూస్తే ఒక్కోటీ నా చూపుడువేలంత లావుంది. ఇంతేసి రొయ్యలు నలభై రెండు కౌంటు కాక మరేమిటి అనిపించి, పొద్దుట్నుంచీ మొదటిసారి కాస్త ఊపిరి పీల్చుకున్నాను. అన్నం రెండోసారి కలుపుకున్నాను. మళ్ళీ అంతలోనే బాబాయి చెప్పిన రెండు గ్రాములు గుర్తొచ్చాయి. ఆయన ముప్ఫై ఏళ్ళ లెక్క తప్పుతుందా, నా కళ్ళ ముందున్న కూర తప్పుతుందా?

నాలుగింటికి చెరువు దగ్గరికి చేరాం. పనిచేసే నాగేశ్వర్రావుగారు గట్టు మీద నిలబడి విసురువల వేశారు. నీళ్ళ మీద గుండ్రంగా విచ్చుకుని పడింది. లాగి, ఉన్నవన్నీ నీళ్ళ తొట్టిలోకి దులిపారు. చిటపట చిటపట ఒకటే ఎగరడం. నేను ఫోన్ తీసి సైటు తెరుస్తున్నాను, ఎన్ని ఆనుకున్నాయో దగ్గరుండి చూద్దామని. పిన్ని తొట్టి పక్కన గొంతుకు కూర్చుని, ఎన్నో ఏళ్ళ అలవాటున్న పనిలా చకచకా చెయ్యి ఆడిస్తోంది. ఒకటి ఐసునీళ్ళలోకి, రెండు చెరువులోకి. మళ్ళీ ఒకటి ఐసులోకి, ఒకటి చెరువులోకి. నేను ఫోన్ కిందకి దించాను.

“పిన్నీ, ఏం చేస్తున్నావ్?”

“చిన్నవి వదిలేస్తున్నానే.”

“ఎందుకు?”

“ఎందుకేంటి? ఐసులో పడితే చచ్చిపోతాయిగా. ఇంకా ఎదగాల్సిన పిల్లలు, వాటినెందుకు చంపడం? పెద్దవైతే కూరకైనా వస్తాయి.” అని చెయ్యి ఆపకుండానే ఇంకో రెండు నీళ్ళలోకి వదిలింది. “పైగా ఫోటో మీ బాబాయి చూస్తాడాయె. ముక్కూ మొహం ఉన్నవి పెట్టొద్దూ?”

ఫోటో అసలు ఆ ఫోన్ దాటి ఎక్కడికీ వెళ్ళదని ఆవిడకి నేనెప్పుడూ చెప్పలేదు. ఐసు లేనప్పుడు వలలో పడ్డవన్నీ పళ్ళెంలో పోసి, ఫోటో తీసి, అన్నిటినీ తిరిగి చెరువులో వదిలేసేదిట. ఏరాల్సిన అవసరమే రాలేదు. ఐసులో ముంచమని నేను సలహా ఇచ్చిన రోజు నుంచీ ఏరడం మొదలైంది. నేను అలుక్కుపోయిన ఫోటోని బాగుచేశాను, ఆవిడ చిన్న రొయ్యల్ని కాపాడింది, ఇద్దరం కలిసి పంట ముంచబోయాం. గట్టు మీద అలాగే కూలబడి నవ్వాను. నవ్వుతూనే కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. నాగేశ్వర్రావుగారు ఈ పిల్లకేమైందని పిన్ని వంక చూశారు.

తెలివి తెచ్చుకుని రెండోసారి వల వేయించాను. ఈసారి ఒక్కదాన్ని కూడా వదలకూడదని పిన్నిని రెండు చేతులూ వెనక్కి పెట్టుకోమన్నాను. నిజంగానే పెట్టుకుంది. పడ్డవి పడ్డట్టే ఐసులో ముంచి, పళ్ళెంలో పరిచి, తూచి, ఫోటో తీశాను. యాభై తొమ్మిది. పిన్ని చేత కూడా లెక్కపెట్టించి కిలోకి లెక్కగడితే యాభై తొమ్మిదే. ఇంకోచోట వల వేస్తే యాభై ఎనిమిది. నా సైటు ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు, దాని ముందు పెట్టిందే అది చెప్పింది. ఆ సంతోషం ఒక పక్క, అంటే ఇంకా ఎదగాల్సిన పంటని రేపు పొద్దున్న పట్టేయబోతున్నారన్న హడలు ఇంకో పక్క. జబ్బు మాటేమిటని అడిగితే, నాగేశ్వర్రావుగారు ఒక్కో రొయ్యనీ వెలుతురుకి పట్టి చూసి, పెంకు మీద మచ్చ లేదు, పొట్టనిండా మేత ఉంది, దిట్టంగా ఉన్నాయండి అన్నారు.

సిగ్నలు కావాలంటే ఇంటి దారిలో ఉన్న కాలవ వంతెన దాకానైనా పోవాలి. పిన్ని స్కూటీ నడిపింది, నేను వెనక కూర్చుని ఫోన్ గాల్లోకి ఎత్తి పట్టుకున్నాను. వంతెన ఎక్కీ ఎక్కగానే గీతలు కనిపించాయి. బాబాయికి చెప్పాను. యాభై తొమ్మిది, మచ్చ లేదు, పిన్ని ఏరింది. మూడే ముక్కలు. ఉండమ్మా అని పెట్టేశాడు. ఐదుకి ఇంకా పావుగంటుంది. కాలవలో గుర్రపుడెక్క కదలకుండా ఉంది, పిన్ని వంతెన గోడ మీద గోరుతో గీస్తూ నిలబడింది. ఇంత పంటా పోగొట్టేదాన్నే నేను అని గొణిగింది. సలహా నాది కదా పిన్నీ అన్నాను. ఆ పావుగంటా ఆవిడ చెయ్యి నా చేతిలోనే ఉంది.

ఫోన్ మోగింది. ఏజెంటు ముందు విసుక్కున్నాడట, ఇంకా ఐసు ఎక్కించలేదు కాబట్టి సరే అన్నాడట, మూడు వారాలాగి కబురు చేస్తే వస్తానన్నాడట. స్పీకర్లో పెట్టాను. అటువైపు బాబాయి నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నాడు.

“పెళ్ళిచూపులకి పిల్లని ముస్తాబు చేసినట్టు రొయ్యల్ని ముస్తాబు చేసిందన్నమాట మీ పిన్ని.”

ఆ మాటతో పిన్నికి ప్రాణం లేచొచ్చింది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, అరటి అత్తం ముందు పెట్టుకుని, నన్ను దబాయించడం మొదలెట్టింది. “నన్నంటున్నావు గానీ, నువ్వు తెచ్చిన ఈ అత్తంలో మచ్చపండు ఒక్కటి చూపించు. ఏరి తేలేదూ?” నలిగిన పండు తీయించేసిన సంగతి నేను చెప్పలేదు. చెప్పక్కర్లేకుండానే ఆవిడకి తెలుసు. ఆ రాత్రి అలారం పెట్టుకోకుండా పడుకుని, ఎన్ని నెలలైందో అంత నిద్రపోయి, పట్టుబడి జరగాల్సిన ఆదివారం పొద్దెక్కాక లేచాను. చెరువు తన మానాన తను నురగలు చిమ్ముకుంటోంది. అంతకంటే అందమైన దృశ్యం ఆ ప్రయాణంలో నేను చూడలేదు.

ఈ పోస్టు రాసే సమయానికి చెరువు పట్టేశారు. బాబాయి కారులో వచ్చి, గట్టు మీద కుర్చీ వేయించుకుని, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని దగ్గరుండి పట్టించాడు. దోసిట్లోకి నాలుగు తీసుకుని నలభై మూడన్నాడు. సైటూ నలభై మూడంది. సైటులో నేను కోడు ఒక్క గీత కూడా మార్చలేదండి. ఫోటో బటను పైన ఒక్క వాక్యం చేర్చాను: ఏరకండి, పడ్డవి పడ్డట్టే పెట్టండి. దాన్ని పిన్ని ఎంత శ్రద్ధగా పాటించిందంటే, మర్నాటి పళ్ళెంలో రెండు చేపపిల్లలూ, ఒక పీతా, కాస్త నాచూ కూడా ఉన్నాయట. సైటు పీతని రొయ్య కిందే కట్టింది. ఇప్పుడు నా శనాదివారాల పని అదే. ఇన్నేళ్ళూ తప్పు వెతకాలంటే స్క్రీను లోపలికే చూసేదాన్ని, గట్టు మీద కూర్చుని ఒక మనిషి చేతుల్ని చూడాలని తోచలేదు. ఆ మనిషి ప్రేమా, పొదుపూ, మర్యాదా అన్నీ ఆ చేతుల్లోంచే నా లెక్కలోకి వచ్చి పడ్డాయి. తిరుగు రైల్లో గోదారి బ్రిడ్జి మీద కిటికీ వదల్లేదు నేను. కొవ్వూరు వచ్చేదాకా చూస్తూనే ఉన్నాను.

మీరు ఆ దారిన వెళ్తే ఒక్క సూచన. రావులపాలెంలో బస్సు ఆగినప్పుడు అరటిపళ్ళు కొనండి, పట్టుకెళ్ళడానికి మచ్చలేనివే తీసుకోండి, కాదనను. కానీ బస్సులో మీరు తినడానికి మాత్రం మచ్చలున్నవి అడిగి మరీ వేయించుకోండి. ఆ రోజు బండి దగ్గరావిడ తీసి పక్కన పెట్టిన ఆ నలిగిన పండు నా చేతిలోనే పెట్టి తినమంది, కండక్టరు విజిలేశాక తిన్నాను. అసలు పండింది అదే.